కల్యాణవల్లి కనురెప్పల నీలం

మేము ఆ ఇంట్లో అద్దెకు దిగిన వారానికే నాకో సంగతి అర్థమైపోయింది. కల్యాణవల్లి స్నానానికి పోయిందంటే మిగతావాళ్ళు తమ స్నానం మాట మరిచిపోవలసిందే. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో పాతకాలపు మిద్దె అది. ముందు భాగంలో మేము, వెనక భాగంలో ఇంటివాళ్ళు. ఇద్దరికీ కలిపి పెరట్లో ఒకటే నీళ్ళగది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఒంటినిండా గ్రీజుతో వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని ఆ తలుపు ముందు నిలబడేవాడు. లోపల చెంబు చప్పుడు, కూనిరాగం, తలుపు సందుల్లోంచి గులాబీ వాసన.

"లోపల మనిషుండాదా, పూలంగడుండాదా?" అని నా మీద విసుక్కునేవాడు. నేనేం చేసేది? ఇల్లు వాళ్ళది.

కల్యాణవల్లి పలమనేరు పిల్ల. నాయన బడిపంతులు. పెళ్ళయి తిరుపతికి వచ్చి అప్పటికి పదేళ్ళు దాటింది. మంచి ఎత్తరి, భుజాలు వెడల్పు, గొంతు కాస్త బొంగురు. ఆ గొంతుతో ఆమె కూరగాయలవాణ్ణి పిలిస్తే పక్కవీధిలో వాడు కూడా ఆగిపోయేవాడు. భర్త శ్రీమన్నారాయణ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. నెమ్మదస్తుడు. ఒక్కగానొక్క కొడుకు మద్రాసులో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. కొడుకును చూసి వస్తానని ఈమె మద్రాసు పోయేది. కొడుకును అరపూట చూసి, బర్మా బజారును రెండు పూటలు చూసి వచ్చేది. సంచిలో పైన పిల్లవాడి మాసిన చొక్కాలు, అడుగున సబ్బులు, సీసాలు, పౌడరు డబ్బాలు.

కొన్న ప్రతి వస్తువునూ ముందు నా మీద పరీక్ష చేసేది. నా మోచేతి లోపలి పక్క అందుకని ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. సబ్బు విప్పి వాసన చూసి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేది.

"ఇది కొత్తపెండ్లికూతురు వాసన చెంగమ్మా. ఇది బ్యాంకు మేనేజరు పెండ్లాం వాసన. ఇది మాత్రం వద్దు, బిల్లు వసూలుకొచ్చినోడి వాసన."

నాకు అన్నీ సబ్బు వాసనే. మాది వడమాలపేట దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. సీకాయ, సున్నిపిండి దాటి నాకేమీ తెలియదు. అయినా బాగుంది, బాగుంది అనేదాన్ని. అదే ఆమెకు నా మీద కోపం.

"నీకు గోడకు కొట్టే సున్నం పూసినా బాగుండాదనే అంటావు" అనేది.

ఇక ఆమె అత్తగారు పెరుందేవమ్మ. మడి కట్టుకుందంటే గాలి కూడా ఆమెను చూసి పక్కకు తప్పుకోవాలి. కళ్ళకు పొర వచ్చింది గానీ ముక్కు మాత్రం పదును. ఒకసారి కల్యాణవల్లి మద్రాసు నుంచి స్నానపు ఉప్పు అని ఒక సీసా తెచ్చింది. గులాబీ రంగు ముక్కలు, పటికబెల్లం లాగా ఉన్నాయి. దొరలు తొట్టి నిండా నీళ్ళు పోసి అందులో వేసుకుని పడుకుంటారట. మనకు తొట్టి ఏది? ఈమె తీసుకుపోయి నీళ్ళు కాగే రాగి బానలో గుప్పెడు వేసేసింది. ఆ పొద్దు ఇంటిల్లిపాదీ ఆ నీళ్ళే పోసుకున్నారు. డ్రాయింగు మాస్టరు మల్లెపూల వాసనతో బడికి పోయాడు. ఆయన బోర్డు మీద చెంబు బొమ్మ గీస్తుంటే ముందు బెంచీ పిల్లలు ముక్కులు ఎగబీల్చారని తర్వాత తెలిసింది.

పెరుందేవమ్మ అగ్గి మీద గుగ్గిలమయింది.

"పెరుమాళ్ళకు చూపించనిది ఈ ఇంట్లో ఎవరి ఒంటికీ తగలకూడదు. మా అత్త కాలం నుంచీ అంతే. తెలిసిందా?"

"తెలిసింది అత్తా" అంది కల్యాణవల్లి, ఎంతో వినయంగా.

మర్నాడు పొద్దున పెరుందేవమ్మ పూజగదిలోకి పోయేసరికి పెరుమాళ్ళ ముందు స్నానపు ఉప్పు సీసా నిలబడి ఉంది. మూత తీసి, పైన ఒక తులసిదళం పెట్టి ఉంది. ఆరగింపయిపోయిన దాన్ని ఏమంటుంది ముసలమ్మ? ప్రసాదాన్ని పెరట్లో పారబోస్తుందా? రెండు రోజులు పోయాక ఆమె నీళ్ళబిందె లోంచి కూడా అదే మల్లెవాసన వచ్చింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అట్లా సబ్బులు, సెంట్లు, నలుగుపిండిలో కలిపే అత్తరు అన్నీ ఒక్కొక్కటిగా తులసిదళం కింద నుంచి ఇంట్లోకి వచ్చేశాయి. ఆగిపోయింది ఒక్కటే, కనురెప్పలకు పూసుకునే ఐ షాడో దగ్గర.

అరచేతిలో ఇమిడే డబ్బా అది. తెరిస్తే లోపల బుల్లి అద్దం, నాలుగు గుంటల్లో నాలుగు రంగులు. అందులో ఒక నీలం ఉండేది. వాన వెలిసిన తర్వాత మన కొండకు ఉంటుందే, ఆ రంగు. దాన్ని పూసుకోవడానికి డబ్బాతో పాటు వచ్చిన దూదిపుల్ల రెండు రోజులకే ఊడిపోయింది. భర్త డ్రాయింగు పెట్టెలోంచి సన్న కుంచె ఒకటి మాయమయింది. పాపం మాస్టరు బడిపిల్లల జేబులన్నీ వెతికాడు.

పెరుందేవమ్మ ఆ డబ్బాను వేలితో తాకి చూసింది. ఈసారి అరవలేదు. అది ఇంకా కష్టం.

"స్నానమంటే ఒళ్ళు శుభ్రానికి. వాసనంటే మనసుకు. ఒప్పుకుంటా. కండ్ల మింద ఈ నీలమెందుకే? ఎవురికి చూపించల్లని?"

కల్యాణవల్లి డబ్బా మూసి లోపల పెట్టేసింది. ఆ మధ్యాహ్నం బట్టలు ఉతికే బండ దగ్గర నా పక్కన కూర్చుని చెప్పింది.

"ఎవురికో చూపించల్లని కాదు చెంగమ్మా. నా మొగం చూసి, ఇది నప్పింది, ఇది నప్పలేదు అని ఒక్కరు చెప్పల్ల. నిజం చెప్పల్ల. అద్దం ముందర ఎంతసేపు నిలబడినా అదేమీ పలకదు. మంచి ఇంటి ఆడదాన్నని వీధిలో మగోళ్ళు తలొంచుకుని పోతారు. ఆడోళ్ళు చీర చూస్తారు, కమ్మలు చూస్తారు. నువ్వు అన్నిటికీ బాగుండాదంటావు."

"మాస్టరును అడగరాదా?" అన్నాను.

"రేపు సూడు" అంది.

మర్నాడు ఆమె ఒక్క ఎడమ కంటికి మాత్రం నీలం వేసుకుని భర్తకు వడ్డించింది. కుడి కన్ను ఖాళీ. ఒక కన్ను సినిమాకు పోతున్నట్టు, ఒక కన్ను బియ్యం ఏరుతున్నట్టు ఉంది. నేను మా వంటింటి కిటికీలోంచి చూస్తూ నోట్లో కొంగు కుక్కుకున్నాను. మా వంటింటికీ వాళ్ళ నడవకూ మధ్య ఒక చిన్న కిటికీ ఉండేది లెండి.

"ఏమండీ, ఇట్ల బాగుండాదా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉండాది. ఇంకొంచెం మజ్జిగ పొయ్యి" అన్నాడాయన ఆకులోకి చూస్తూ.

నేను ఆ రోజు నవ్వాను గానీ, తర్వాత నాకు ఒళ్ళు మండింది. పిల్లలకు మామిడికాయ గీయడం నేర్పేటప్పుడు ఆ కాయను అటు తిప్పి ఇటు తిప్పి చూసే మనిషి, ఎదురుగా వడ్డించే మనిషిని చూడడా? మంచివాడే. కసరడు, కొట్టడు, తాగడు. చూడడు, అంతే.

ఆ ఎండాకాలం గంగమ్మ జాతర వచ్చింది. ఎనభై ఒకటో ఏడు. తిరుపతిలో పుట్టినవాళ్ళకు చెప్పక్కరలేదు, బయటివాళ్ళకు చెబుతున్నాను. ఆ వారమంతా ఊళ్ళో సగం మంది సొంత మొహాలతో తిరగరు. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, గాజులు తొడుక్కుని, రంగులు పూసుకుని గంగమ్మ గుడికి పోతారు. మీసాలు తీసేసిన పెద్దమనుషులు పెళ్ళాల చీరల్లో సిగ్గుపడుతూ నడుస్తుంటే వీధంతా అరుగుల మీదే ఉంటుంది.

కల్యాణవల్లి తెల్లవారే మా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"చెంగమ్మా, ఈ పొద్దు రంగు పూసుకుని పోతే ఎవురడుగుతారు? ఊరంతా రంగే గదా. నీ చీర ఒకటి ఇయ్యి. నా చీరలన్నీ వీధికి తెలుసు."

ఆలోచన నాకు నచ్చింది. పెట్టె తీసి, చిలకపచ్చ నైలెక్సు చీర ఇచ్చాను. తప్పెక్కడ జరిగిందంటే, నేను పొట్టిదాన్నని పన్నా తక్కువ చీరలు కొనేదాన్ని, ఆమె పొడుగుది. చీర చీలమండల పైనే ఆగిపోయింది. అదేమీ మాకు తట్టలేదు. మా ధ్యాసంతా కళ్ళ మీదే. గోడకు తగిలించిన అద్దం ముందు ఆమె ఊపిరి బిగబట్టి కుంచెతో నీలం వేసుకుంది. రెప్ప అంచున ముదురుగా, పైకి పోయేకొద్దీ లేతగా. కింద కాటుక బారుగా దిద్దింది. తల నిండా పూలు పెట్టుకుంది. నిజం చెబుతున్నాను, అప్పుడు మాత్రం నేను బాగుంది అనలేదు. అద్దంలో ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

పెరటి దారిన బయటపడ్డాము. వీధి మలుపు తిరిగామో లేదో, సోడాబండి దగ్గర నిలబడిన ఇద్దరు ఆమెను కళ్ళప్పగించి చూశారు. తల వంచుకోలేదు, పక్కకు తప్పుకోలేదు.

"ఎవురబ్బా ఈడు? అచ్చం ఆడమనిషే!" అన్నాడు ఒకడు.

"యాడ అచ్చం? చీర సూడు, పెండ్లాందేమో, పొట్టిగా ఉండాది. కండ్లు మాత్రం అదిరినాయి" అన్నాడు రెండోవాడు.

కల్యాణవల్లి మొహంలోకి చూస్తే, ఆమె కోపంగా లేదు. పెదవులు బిగించుకుని నవ్వు ఆపుకుంటోంది.

"మగోణ్ణనుకుంటా ఉండారే" అని గొణిగింది. "అనుకోనీ. చెప్పనీ."

చెప్పారు, ఊరంతా చెప్పారు. ఆడదాని మొహం గురించి నోరు విప్పని ఊరు, మగవాడి మొహం అనుకోగానే పంచాయితీ పెట్టింది. నీలం నప్పిందన్నారు. చెంపలకు పసుపు ఇంకాస్త కావాలన్నారు. ముక్కు కాస్త మోటుగా ఉంది గానీ కళ్ళు దాన్ని మింగేశాయన్నారు. ఆమె ప్రతి మాటకూ మెడ ఇటు తిప్పి, అటు తిప్పి చూపించింది. నేను కొంగు తల మీదకు లాక్కుని నాలుగు అడుగులు వెనకగా నడిచాను.

ఆ గుంపులో మాకు మునిరామయ్య తగిలాడు. మా వీధి మొగదల తల ఎత్తకుండా పూలు కట్టి అమ్మేవాడు. ఏటేటా ఆడవేషం కట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. కంచిపట్టు చీర, వడ్డాణం, నుదుట రూపాయంత బొట్టు. కల్యాణవల్లిని పైనుంచి కిందికి చూశాడు.

"కొత్తోడివా అబ్బయ్యా? రంగు బలే కుదిరింది. నడకే చెడగొడతా ఉండావు. ఆడోళ్ళు అట్ల నడస్తారా? అడుగు చిన్నగా పెట్టల్ల. నడుము కొంచెం ఆడించల్ల. ఇట్ల సూడు."

నడిచి చూపించాడు. అంత వయ్యారంగా నడిచే ఆడదాన్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఇట్లనా?" అంది కల్యాణవల్లి.

"గొంతు! గొంతు సన్నం చెయ్యప్పా. మీ నాయన మాట్లాడినట్టుండాది."

ఆమె చెట్టంత మనిషి, ఆ మాటకు వంగిపోయి నవ్వింది. మునిరామయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని, ఇక నా శిష్యుడన్నట్టు వెంట నడిపించుకుపోయాడు. గుళ్ళో అమ్మవారికి దండం పెట్టుకున్నాక, తిరిగి వచ్చేటప్పుడు గుంపును మా వీధిలోకే మళ్ళించాడు.

"డ్రాయింగు మాస్టరింటి పానకం తాగకుండా పోతే ఎట్ల? బెల్లం తగ్గించరు వాళ్ళు."

జాతర రోజు వేషాలవాళ్ళకు పానకం పొయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. తల్లీ కొడుకులిద్దరూ అరుగు మీదే ఉంటారు. కల్యాణవల్లి వెనక్కి తగ్గబోయింది. మునిరామయ్య చెయ్యి వదల్లేదు. నోరు తెరిస్తే గొంతు పట్టిస్తుంది. నేను పక్కింటి గోడ చాటున ఆగిపోయాను.

శ్రీమన్నారాయణ గంగాళంలోంచి పానకం ముంచి ఒక్కొక్కరికీ ఇస్తున్నాడు. ఈమె వంతు వచ్చింది. గ్లాసు ఇవ్వబోయి ఆగాడు. తల ఎత్తి చూశాడు. ఇంకా చూశాడు. మెడ కాస్త వంచి, కళ్ళు చిట్లించి, బొమ్మను చూసినట్టు చూశాడు.

"ఎవురు వేసినారప్పా ఈ రంగు?"

"మాట్లాడడు సార్, కొత్తోడు. గొంతు మోటని సిగ్గేమో" అన్నాడు మునిరామయ్య.

"ఎంత బాగా కలిపినాడు! ఏండ్ల తరబడి కుంచె పట్టినోడై ఉండల్ల, ఇది మామూలోడి పని కాదు" అన్నాడు మాస్టరు. గ్లాసు ఆమె చేతిలో పెట్టి, వెనక ఉన్నవాడికి పానకం ముంచడానికి వంగాడు.

పెరుందేవమ్మ అరుగు మీద నుంచే కేక వేసింది.

"ఏమప్పా పొడుగబ్బాయా, చీర పెండ్లానిదా? ఇంకొంచెం పొడుగు పెండ్లాన్ని చేసుకోరాదా?"

గుంపంతా గొల్లుమంది. కల్యాణవల్లి పానకం ఒక్క గుక్కలో తాగి, గ్లాసు పెట్టేసి, గబగబా సందులోకి తిరిగింది. నేను పరిగెత్తి పెరటి దగ్గర కలుసుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. బావి గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

"నన్ను సూసినాడు చెంగమ్మా. పెండ్లైనప్పట్నుంచీ అంతసేపు ఎప్పుడూ సూడలా. సూసి, నేనని కనుక్కోలా."

ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి ముక్కు చీదుకుని, నా చీర మార్చి తన చీర కట్టుకుంది. మొహం కడుక్కోమని నీళ్ళచెంబు ఇచ్చాను. తీసుకోలేదు. కరిగిన చోట కుంచెతో మళ్ళీ దిద్దుకుని, వడ్డించడానికి లోపలికి పోయింది.

నేను మా వంటింటి కిటికీ దగ్గరకు చేరాను. సిగ్గులేదా అంటారా? ఆ రోజు లేదు.

శ్రీమన్నారాయణ ఆకు ముందు కూర్చున్నాడు. పెరుందేవమ్మ ఎదురుగోడకు ఆనుకుని ఉంది. ఆయన హుషారుగా ఉన్నాడు.

"అమ్మా, ఆ కొత్తోణ్ణి చూసినావా? రెప్ప అంచున ముదురు, పైకి పోయేకొద్దీ లేత. మా పిల్లకాయలకు ఏడాదంతా మొత్తుకున్నా రాదు అది. వాడి కండ్లు ఇంకా నా కండ్ల ముందరే ఉండాయి. కల్యాణీ, చారు."

కల్యాణవల్లి వంగి చారు పోసింది. నీలం రెప్పలు ఆయన తలకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన అన్నం కలుపుతున్నాడు.

"ఒరే, తలకాయెత్తరా" అంది పెరుందేవమ్మ.

"ఏందమ్మా?"

"ఎత్తమంటా ఉండా గదా!"

ఎత్తాడు. చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"వీధి మలుపులోనే వాసన పట్టి కనుక్కున్నా నేను, నా కోడలని" అంది ముసలమ్మ. "నా కండ్లకు పొర కమ్మి రెండేండ్లాయ. నీ కండ్లకేమొచ్చిందిరా? ఎవురికి చూపించల్లని దీన్ని నేనే అడిగితి. నీకేరా. ఇంకెవురికి?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేవబోయాడు. కల్యాణవల్లి చారు గిన్నె కింద పెట్టి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"లేవొద్దండి. నన్ను చూడండి. ఊరంతా చెప్పినారు. మీరు చెప్పండి. నప్పిందా, లేదా?"

ఇప్పుడు బాగుంది అంటాడు, మజ్జిగ అడుగుతాడు అనుకున్నాను. ఆయన అనలేదు. చాలాసేపు చూశాడు. అరుగు మీద చూసినట్టు కాదు. ఆమె నుదురు, బుగ్గ మీద ఆరిన కన్నీటి చార, పెదవి, మళ్ళీ కళ్ళు. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మనిషి ఇంత చూసి ఉండడు.

"నీలం సరిపోయింది" అన్నాడు చివరికి, మెల్లగా. "కాటుక ఎందుకు అంత మందంగా పెట్టినావు? నీ కండ్లు పెద్దవి కల్యాణీ. వాటికి అక్కరలేదు."

ఆమె కొంగు చివర నీళ్ళలో ముంచి, కాటుక మొత్తం తుడిచేసుకుంది. మళ్ళీ మొహం ఎత్తింది.

"ఇప్పుడు?"

ఆయన చేతి మీద అన్నం ఎండిపోతోంది. పెరుందేవమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"కొంచెం ఇట్ల వెలుతురులోకి రా" అన్నాడు.